కళ్లు పొడిబారుతున్నా కాంటాక్ట్ లెన్సులు హాయిగా పెట్టుకోవడం ఎలా? విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు చెప్పండి

నాట్యవేణి_విజయనగరం:
అందరికీ నమస్తే. నాకు రెండు కళ్లకీ సైట్ మైనస్ 6, కుడికంటికి కొంచెం సిలిండర్ పవర్ (కంటి వంపు అన్నివైపులా సమానంగా లేకపోవడం) కూడా ఉంది. పగలు ఇంట్లోంచే కంప్యూటర్ పని, సాయంత్రం కూచిపూడి ప్రాక్టీసు. డాన్సులో అద్దాలు నిలవవు, తీసేస్తే ఎదురుగా గురువుగారు ఏ ముద్ర పట్టారో కూడా కనిపించదు, అందుకే నాకు లెన్సులు తప్పవు. నెలవారీ మెత్తటి లెన్సులు వాడుతున్నాను. పొద్దున్న పెట్టుకున్నప్పుడు ఉన్నాయో లేవో కూడా తెలియదు, మధ్యాహ్నం దాటాక మాత్రం కంట్లో ఇసుక పడ్డట్టు గరగర మొదలవుతుంది, సాయంత్రానికి మంట, ఎరుపు, రెప్పలు బరువెక్కిపోవడం. సరిగ్గా నాకు కళ్లు కావాల్సిన వేళకి అవి పనికిరాకుండా పోతున్నాయి. షాపులో అడిగితే చుక్కల మందు ఇచ్చారు, వేసిన కాసేపు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే.

పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో మాకు ఒక ప్రదర్శన ఉంది. అప్పటికి ఏదో ఒక దారి దొరకాలి. "లెన్సులు మానేసి అద్దాలు పెట్టుకో" అనే సలహా ఇంట్లో రోజూ వింటున్నాను, అది కాకుండా ఇంకేదైనా చెప్పండి.

కళింగపట్నం_అల:
అక్కా, నాకూ సేమ్. శ్రీకాకుళం నుంచి పైడిభీమవరం వరకు రోజూ హైవే మీద బైకు. గాలి నేరుగా కంటికి కొడితే లెన్సు అట్ట కట్టేసినట్టు అయిపోయేది. హెల్మెట్ గ్లాసు పూర్తిగా దించి నడపడం మొదలుపెట్టాక సగం బాధ పోయింది. గ్లాసు గీతలు పడితే రాత్రి లైట్లు చెదిరిపోయి కనిపిస్తాయి కాబట్టి ఏడాదికోసారి గ్లాసు మార్చేస్తాను. ఆఫీసులో ఏసీ గాలి మొహం మీద పడే సీటు మార్పించుకున్నాను. నువ్వు కంప్యూటర్ ముందు కూర్చునే చోట ఫ్యాన్ ఎక్కడుందో చూసుకో, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా ఉంటే దాన్ని వెనక్కి తిప్పెయ్. ఇంకోటి, నీటి శాతం ఎక్కువ ఉన్న లెన్సు తీసుకో, డబ్బా మీద రాసి ఉంటుంది. నీరు ఎక్కువ ఉంటే కన్ను తడిగా ఉంటుంది కదా.

నెల్లిమర్ల_తోట:
నందివర్ధనం పూలు కళ్ల మీద పెట్టుకుని పడుకోమ్మా, మా ఇంట్లో అందరం చేస్తాం, చలవ. రోజ్ వాటర్ రెండు చుక్కలు వేసినా మంట లాగేస్తుంది.

బొబ్బిలి_ఆప్టోమ్:
నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే చూపు పరీక్షించి అద్దాలు, లెన్సులు కుదిర్చేదాన్ని చూసేవాళ్లలో ఒకరిని, సొంతూరు బొబ్బిలి, పని విశాఖలో. డాక్టర్ని కాను కాబట్టి మందులు రాయను, ఏ పరీక్షలు అడగాలో, ఎలాంటి లెన్సు అడగాలో మాత్రం చెప్తాను.

ముందు పై రెండు సలహాల గురించి. నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటే పెట్టుకోండి, చల్లగా ఉంటుంది, కాకపోతే ముందు కడగండి, లెన్సులు తీసేసి ఉండండి. రోజ్ వాటర్ మాత్రం కంట్లో వద్దు. మొహానికి రాసుకోవడానికి అమ్మే సీసా కంటికోసం శుద్ధి చేసి నింపింది కాదు. తేనె, ఆముదం, తల్లిపాలు కూడా అంతే. అసలే లెన్సు పెట్టుకునే కంటికి సూక్ష్మజీవుల ప్రమాదం మిగతావాళ్ల కంటే ఎక్కువ.

తమ్ముడు చెప్పిన నీటి శాతం సంగతి చాలామంది నమ్ముతారు, నిజం దాదాపు తిరగబడి ఉంటుంది. పాతరకం హైడ్రోజెల్ (నీరు పీల్చుకునే మెత్తటి ప్లాస్టిక్) లెన్సులో నీరు ఎక్కువ ఉంటే అది గాలికి, ఏసీకి తొందరగా ఆరిపోయే అవకాశమూ ఎక్కువ. 1999 ప్రాంతంలో వచ్చిన సిలికాన్ హైడ్రోజెల్ లెన్సుల్లో నీరు తక్కువే, చాలావాటిలో 50 శాతం లోపే, కానీ ఆక్సిజన్ చాలా ఎక్కువ పోనిస్తాయి. మధ్యలో నీరు 33 శాతమే ఉండి, కంటికి తగిలే పైపొరలో 80 శాతం దాటేలా చేసిన డైలీ లెన్సులు (ఒక్కరోజు వాడి పారేసేవి) కూడా ఉన్నాయి. అంటే ఎంత నీరు అన్నది కాదు, లెన్సు పైపొర రోజంతా తడి నిలుపుకుంటుందా అన్నది చూడాలి.

నాట్యవేణి గారూ, ఇవి చెప్పండి. లెన్సు తీసేశాక మంట తగ్గిపోతుందా, అద్దాలతో ఉన్న రోజు కూడా ఉంటుందా? నిద్ర లేవగానే ఎక్కువా, సాయంత్రం ఎక్కువా? పొద్దున్న రెప్పల వెంట్రుకల మొదట్లో పొట్టులాగా, పుసిలాగా ఉంటుందా? కంటికురుపులు తరచూ వస్తాయా? రోజుకి ఎన్ని గంటలు పెట్టుకుంటారు? జలుబుకో, ఎలర్జీకో, మొటిమలకో మాత్రలు వాడుతున్నారా? ఆ చుక్కల మందు పేరు అక్కర్లేదు, డబ్బా మీద ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపే రసాయనం) అని ఏం రాసి ఉందో చూసి చెప్పండి.

నాట్యవేణి_విజయనగరం:
చాలా థాంక్సండీ. తీసేశాక తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు, ఆదివారం అద్దాలతో ఉన్నా టీవీ చూస్తుంటే కళ్లు లాగుతాయి. సాయంత్రమే ఎక్కువ. పొట్టు ఉంటుంది, అది కాటుక మిగిలిపోవడం అనుకున్నాను. కురుపులు ఏడాదిలో ఒకటి రెండు సార్లు వస్తూనే ఉంటాయి. పొద్దున్న పనికి కూర్చునే ముందు పెట్టుకుంటే రాత్రి ప్రాక్టీసు అయ్యాకే తీయడం. దుమ్ముకి తుమ్ములు వస్తాయి కాబట్టి సిట్రిజిన్ చాలా రోజులు వేసుకుంటాను. సీసా మీద బెంజాల్కోనియం క్లోరైడ్ అని ఉంది.

బొబ్బిలి_ఆప్టోమ్:
మీరు చెప్పినదాన్ని బట్టి గొడవ లెన్సు ఒక్కదానిదే కాదు, కన్నీటిదీ, రెప్పలదీ కూడా. కాస్త వివరంగా రాస్తాను, ఇది అర్థమైతే మిగతాది మీకే తెలిసిపోతుంది.

కన్నీరంటే ఉత్త నీరు కాదు. గుడ్డుని అంటిపెట్టుకుని జిగురులాంటి పదార్థం, దానితో కలిసి నీరు, అన్నిటికంటే పైన చాలా పలచటి నూనె. ఆ నూనె రెప్పల అంచున వరసగా ఉండే మైబోమియన్ గ్రంథుల్లోంచి వస్తుంది. రెప్ప పూర్తిగా వాల్చినప్పుడల్లా కొంచెం బయటికొచ్చి కంటి మీద పరుచుకుంటుంది, నీరు ఆవిరైపోకుండా ఆపుతుంది. మామూలుగా మనం నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప వేస్తాం. స్క్రీన్ చూస్తున్నప్పుడు అది సగానికి, కొందరిలో ఇంకా కిందికి పడిపోతుంది, వేసినవి కూడా సగం రెప్పపాట్లే. నూనె బయటికి రాదు, లోపలే చిక్కబడుతుంది, గ్రంథి నోరు మూసుకుపోతుంది. మీ కురుపులు, పొట్టు ఈ వైపే చూపిస్తున్నాయి.

ఇక లెన్సు. కన్నీటి పొర మొత్తం మందం 3 మైక్రాన్ల దగ్గర ఉంటుంది (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). మెత్తటి లెన్సు మధ్యభాగమే సాధారణంగా 70 మైక్రాన్లు, ఆ పైన. అంత పలచటి పొరలో ఇంత మందం వస్తువు పెడితే పొర రెండుగా చీలుతుంది, కొంత లెన్సు కింద, కొంత పైన. పైన మిగిలింది మామూలు కంటే త్వరగా ఆరిపోతుంది. కన్నీరు పుష్కలంగా ఉన్నవాళ్లకి ఇది తెలియదు. అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకి మధ్యాహ్నానికల్లా తెలిసిపోతుంది.

కాబట్టి కంటి డాక్టర్ దగ్గర ఇవి అడిగి చేయించుకోండి: రంగు పట్టీ తాకించి నీలం లైటులో కన్నీటి పొర ఎన్ని సెకన్లు నిలుస్తుందో చూస్తారు, 10 సెకన్ల లోపు చెదిరిపోతే పొడిబారడం ఉన్నట్టే లెక్క. కింది రెప్పలో కాగితపు పట్టీ పెట్టి 5 నిమిషాల్లో ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూస్తారు, 5 లోపు అంటే నీరే తక్కువ. రెప్ప అంచు మెల్లగా నొక్కి నూనె పలచగా వస్తోందా, చిక్కగా తెల్లగా వస్తోందా, అసలు రావడం లేదా చూస్తారు. ఈ మూడూ లేకుండా "కళ్లు పొడిబారాయి, చుక్కలు వేసుకో" అని పంపించేస్తే ఏ రకమో తేలనట్టే. వెళ్లేటప్పుడు లెన్సులు పెట్టుకునే వెళ్లండి, కంటి మీద అది ఎలా కదులుతోందో చూడాలి. అద్దాలు, లెన్సు డబ్బా వెంట ఉంచుకోండి, ఎందుకంటే రంగు వేసే ముందు లెన్సు తీయాలి, లేకపోతే లెన్సుకి ఆ రంగు పట్టేస్తుంది.

సిట్రిజిన్ సంగతి కూడా డాక్టరుకి చెప్పండి. ఎలర్జీ మాత్రలు చాలామందిలో కన్నీటిని ఎండగడతాయి.

నరసన్నపేట_మెడికల్స్:
మందుల షాపు నడుపుతున్నాను. చుక్కల గురించి నేను చెప్పాల్సింది చాలా ఉంది, ఎందుకంటే వచ్చేవాళ్లలో ఎక్కువమంది "ఎర్రగా అయింది, ఏదో ఒక చుక్కలు ఇవ్వండి" అంటారు, ఏ చుక్కలు దేనికో అడగరు.

బెంజాల్కోనియం క్లోరైడ్ ఉన్నవి మెత్తటి లెన్సు మీద వేయకూడదు. లెన్సు ఆ రసాయనాన్ని పీల్చుకుని గంటల తరబడి కంటికి వదులుతూ ఉంటుంది. తప్పనిసరిగా వేయాల్సి వస్తే లెన్సు తీసి వేసి, కనీసం 15 నిమిషాలు ఆగి పెట్టుకోవాలి. రోజుకి నాలుగైదు సార్లు వేసుకోవాల్సిన వాళ్లు ప్రిజర్వేటివ్ లేనివే అడగండి. ఒక్కసారికి సరిపోయే చిన్న ట్యూబుల్లో వస్తాయి, లేదా గాలి లోపలికి పోకుండా చేసిన ప్రత్యేక సీసాల్లో వస్తాయి. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, సోడియం హైలురొనేట్, కంటిని తడిగా ఉంచే ఈ రెండు మందుల పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు. లెన్సు ఉండగా వేయొచ్చో లేదో డబ్బా మీద రాసి ఉంటుంది, చదవండి. జెల్ రకాలు రాత్రి లెన్సులు తీసేశాకే, చూపు మసకేస్తుంది. మామూలు సీసా మూత తీసిన నెలకి పారేయాలి, మందు మిగిలినా సరే.

ఎర్రదనం పోగొట్టే చుక్కలు వేరే ఉంటాయి, రక్తనాళాల్ని బిగపట్టి కన్ను తెల్లగా చూపిస్తాయి. ఆపగానే ముందుకంటే ఎర్రగా అవుతుంది, మళ్లీ వేస్తారు, అది ఒక అలవాటైపోతుంది. స్టెరాయిడ్ చుక్కలు మరీ ప్రమాదం. చీటీ లేకుండా నేను ఇవ్వను, ఎంత బతిమాలినా ఇవ్వను. రెండు రోజుల్లో కన్ను మల్లెపువ్వు అయిపోతుంది నిజమే, నెలల తరబడి వాడితే కంట్లో ప్రెషర్ పెరిగి చూపు పోయే దాకా వెళ్తుంది. నీటికాసులు అంటారు కదా, అదే.

రాజాం_హాస్టల్:
చుక్కల సంగతి సరే, లెన్సులు కడిగి నానబెట్టే సొల్యూషన్ గురించి ఒకరైనా అనలేదేంటి? మా హాస్టల్లో చాలామంది పాత సొల్యూషన్ పారేయకుండా పైన కొంచెం కొత్తది పోస్తారు. అందులో మందు బలం ఉండదు, సూక్ష్మజీవులు హాయిగా పెరుగుతాయి. 2006లో ఫ్యూజేరియం అనే ఫంగస్ వల్ల లెన్సు వాడేవాళ్ల కళ్లు దెబ్బతిని ఒక పెద్ద కంపెనీ తన సొల్యూషన్ని ప్రపంచమంతా మార్కెట్లోంచి వెనక్కి తీసుకుంది. అప్పుడు డాక్టర్లు వేలు పెట్టి చూపించిన అలవాట్లలో ఈ పైన పోయడం ఒకటి.

ఇంకొకటి, బోరు నీళ్లు. చేతులు కడుక్కుని తుడుచుకోకుండా తడిచేత్తోనే లెన్సు పట్టుకుంటారు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, మినరల్ వాటర్ క్యాను, దేనిలోనైనా అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, అది నల్లగుడ్డుని తినేస్తుంది, వైద్యం నెలల తరబడి సాగుతుంది. స్నానం చేసేటప్పుడు తీసేయాలి. కార్తీకంలో నాగావళిలో మునిగేటప్పుడు తీసేయాలి, బారువ బీచికి వెళ్లి కెరటాల్లో దిగేటప్పుడు కూడా. డబ్బాని రోజూ సొల్యూషన్‌తో కడిగి, శుభ్రమైన టిష్యూ మీద బోర్లించి ఆరబెట్టి, మూడు నెలలకోసారి కొత్తది పెట్టుకోవాలి. పక్కమీద వాలి పది నిమిషాలు కునుకు తీసినా లెన్సులు తీసే వాలాలి.

కళింగపట్నం_అల:
అంటే నెలవారీ లెన్సు నేను వారానికి మూడు రోజులే పెట్టుకుంటే అది రెండు నెలలు వస్తుంది కదా?

రాజాం_హాస్టల్:
రాదన్నా. మూత తీసిన రోజు నుంచి 30 రోజులు, పెట్టుకున్నా పెట్టుకోకపోయినా.

బొబ్బిలి_ఆప్టోమ్:
రాజాం తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. దానికి ఒకటి కలుపుతాను. కొందరికి మంట కన్నీటి వల్ల కాదు, సొల్యూషన్‌లోని ప్రిజర్వేటివ్ పడక వస్తుంది. వాళ్లకి హైడ్రోజన్ పెరాక్సైడ్ పద్ధతి బాగా పనిచేస్తుంది, దాంతో పాటు వచ్చే ప్రత్యేక డబ్బాలో కనీసం 6 గంటలు ఉంచాలి, అప్పటికి అది మామూలు ఉప్పునీరు అయిపోతుంది. తొందరపడి ముందే పెట్టుకుంటే, సీసాలోంచి నేరుగా కంట్లో పడితే భరించలేని మంట. నిదానంగా చేసేవాళ్లకే అది. డైలీ లెన్సులైతే సొల్యూషనూ లేదు, డబ్బా లేదు, రాత్రి తీసి పారేయడమే.

పలాస_జీడిబద్ద:
కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుని. గింజలు కాల్చే చోట పొగకి మామూలు కళ్లే మండిపోతాయి. అలాంటి చోట పనిచేసేవాళ్లు షిఫ్టులో లెన్సులు పెట్టుకోకపోవడమే మంచిది, పొగ, నూనె ఆవిరి లెన్సుకి పట్టేస్తాయి. రైసు మిల్లు ధూళి, పొందూరులో పత్తి దూది పని, ఇవి కూడా అంతే. పని అయ్యాక మొహం కడుక్కుని, కాసేపాగి పెట్టుకుంటాను, పెళ్లిళ్లకీ పేరంటాలకీ బ్రహ్మాండంగా ఉంటాయి.

చీపురుపల్లి_అమ్మ:
అయ్యా, మా గుంటకి ఇంటర్ రెండో ఏడాది. లెన్సులు పెట్టుకుని ఏడాది దాటింది, ఎప్పుడూ బాధ లేదు, ఈమధ్యే కళ్లు ఎండిపోతున్నాయి, లెన్సు కంటికి అతుక్కుపోయి రాదంటుంది. పెదాలు కూడా పగిలిపోతున్నాయి. మొటిమలకి చర్మం డాక్టరు గారు మాత్రలు రాశారు, వాటికీ దీనికీ సంబంధం ఉంటుందా? ఇంకో మాట, ఏకంగా లేజర్ ఆపరేషను చేయించేస్తే ఈ లెన్సుల గొడవ ఉండదు కదా అని వాళ్ల నాన్నగారు అంటున్నారు.

నరసన్నపేట_మెడికల్స్:
అమ్మా, మాత్ర పేరులో ఐసోట్రెటినాయిన్ అని ఉందేమో చూడండి. ఉంటే కారణం అదే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. చర్మంలో నూనె తగ్గించే మందు అది, రెప్పల్లో నూనె గ్రంథుల మీద కూడా పనిచేస్తుంది. పెదాలు పగలడం అందుకే. మీ అంతట మీరు మాత్ర ఆపకండి, ఇద్దరు డాక్టర్లకీ ఒకరి మందు సంగతి ఇంకొకరికి చెప్పండి. కోర్సు అయ్యేదాకా పాపని అద్దాలతో ఉండమనండి.

బొబ్బిలి_ఆప్టోమ్:
అవునండీ. లెన్సు అతుక్కుంటే గోటితో లాగనివ్వకండి. లెన్సులకి పనికొచ్చే చుక్కలు వేసి, కొన్ని నిమిషాలు కళ్లు మూసి తెరిచి, లెన్సు కదిలాకే తీయాలి. ఎండిన లెన్సుని గిల్లితే నల్లగుడ్డు మీది పొర కూడా లేచిపోతుంది.

లేజర్ గురించి: 18 ఏళ్లు నిండి, సైట్ పెరగడం ఆగాకే దాని గురించి ఆలోచించాలి. పైగా లాసిక్ అనే లేజర్ ఆపరేషన్లో నల్లగుడ్డులోని సన్నటి నరాలు తెగుతాయి, అందుకే తర్వాత కొన్ని నెలలు కళ్లు ఇంకా పొడిబారతాయి. ముందే పొడి కళ్లున్నవాళ్లకి డాక్టర్లు మొదట దాన్ని బాగుచేశాకే ఆపరేషను సంగతి మాట్లాడతారు. లెన్సులు పడటం లేదు కాబట్టి లేజర్ అనుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

నాగావళి_టీచర్:
నేను హైస్కూలు టీచర్ని, శ్రీకాకుళం. నా మాట వయసులో పెద్దవాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి. నాకు కళ్లు ఎండిపోవడంతో పాటు నోరు ఎండిపోయేది, అన్నం ముద్ద నీళ్లు లేకుండా దిగేది కాదు, పొద్దున్నే వేళ్ల కీళ్లు బిగుసుకునేవి. వయసు వల్ల అనుకున్నారు అందరూ. చివరికి రక్తపరీక్షలు చేస్తే షోగ్రెన్స్ అని తేలింది, మన శరీరంలోని రక్షణ వ్యవస్థే కన్నీటి గ్రంథుల్ని, లాలాజల గ్రంథుల్ని దెబ్బతీసే జబ్బు. కీళ్లవాతం, థైరాయిడ్, షుగర్ ఉన్నవాళ్లకీ కళ్లు పొడిబారతాయి. నోరు, కీళ్లు కూడా బాధపెడుతుంటే కంటి డాక్టరుతో ఆ మాట తప్పకుండా చెప్పండి, ఆయన అడగకపోయినా చెప్పండి.

నాలాంటి వాళ్లకి మెత్తటి లెన్సులు పనికిరావు. స్క్లెరల్ లెన్సు అని ఒకటుంది, పెద్దది, గట్టిది, నల్లగుడ్డుని అసలు తాకదు, చుట్టూ ఉన్న తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది. లోపల ప్రిజర్వేటివ్ లేని సెలైన్ నింపి పెట్టుకుంటాం, కన్ను రోజంతా ఆ నీటిలోనే ఉంటుంది. ఖరీదు ఎక్కువే, కొలతలకి చాలాసేపు పడుతుంది, పెట్టుకోవడం నేర్చుకోవడానికి ఓపిక కావాలి. నల్లబోర్డు మీద నేను రాసింది నాకే కనిపించని స్థితి నుంచి ఇప్పుడు పేపర్లు దిద్దుకుంటున్నాను.

నెల్లిమర్ల_తోట:
చేపనూనె గోలీలు వేసుకోమని మా బంధువుల్లో ఒక డాక్టరు చెప్పారు, ఒమేగా త్రీ. అది కూడా రాయండి.

బొబ్బిలి_ఆప్టోమ్:
చాలామంది రాస్తారు, నిజమే. కానీ 2018లో అమెరికాలో డ్రీమ్ అనే పెద్ద అధ్యయనం వచ్చింది. పొడి కళ్లున్న 500 మందికి పైగా తీసుకుని, కొందరికి రోజుకి 3 గ్రాముల ఒమేగా త్రీ, మిగతావాళ్లకి ఆలివ్ నూనె గోలీలు, ఏడాదిపాటు ఇచ్చారు. రెండు గుంపులకీ కొంత మేలు కనిపించింది, కానీ ఒకదానికంటే ఇంకోటి ఎక్కువ పనిచేసిందని తేలలేదు. కాబట్టి డబ్బు గోలీల మీద కంటే ప్రిజర్వేటివ్ లేని చుక్కల మీద పెట్టడం మేలని నా అభిప్రాయం. కానాగంతలు తినండి, ఆరోగ్యానికి మంచివే.

నాట్యవేణి_విజయనగరం:
కొన్ని వారాల తర్వాత వస్తున్నాను, క్షమించండి. పరీక్షలన్నీ అడిగి మరీ చేయించుకున్నాను. నీరు సరిపడా ఉందట. కాగితం బాగానే తడిసింది. కన్నీటి పొర మాత్రం 4 సెకన్లకే చెదిరిపోతోంది, కింది రెప్పల్లో నూనె గ్రంథులు చాలా మూసుకుపోయి ఉన్నాయి. బొబ్బిలి గారు ఇక్కడే చెప్పేశారు!

డాక్టరమ్మ చాలా ఓపిగ్గా చెప్పారు. ముందు లెన్సులు ఆపేయమన్నారు. శుభ్రమైన గుడ్డ వేడినీళ్లలో ముంచి పిండి, చెంపకి ఆనించి చూసుకుని, మూసిన కళ్ల మీద పది నిమిషాలు, చల్లారినప్పుడల్లా మళ్లీ ముంచడం. తర్వాత పై రెప్పని కిందికి, కింది రెప్పని పైకి వేలితో మెల్లగా నిమరడం. రెప్పల మొదలు శుభ్రం చేసుకోవడానికి వేరే ద్రావణం ఇచ్చారు. ప్రిజర్వేటివ్ లేని చుక్కలు. ఎలర్జీకి మాత్ర బదులు చుక్కలు మార్చారు. కంప్యూటర్ మానిటర్ కళ్ల కంటే కొంచెం కిందికి దించమన్నారు, అప్పుడు రెప్ప కొంచెం వాలి ఉంటుంది, కన్ను తక్కువ ఆరుతుంది. 20 నిమిషాలకోసారి దూరంగా చూసి, గట్టిగా కాకుండా పూర్తిగా రెప్పలు వాల్చి తెరవమన్నారు.

ఇప్పుడు మంట బాగా తగ్గింది, కురుపు రాలేదు. మళ్లీ లెన్సులకి అనుమతి ఇచ్చారు, కానీ డైలీ సిలికాన్ హైడ్రోజెల్, అదీ డాన్సు వేళకే. పగలు పనికి అద్దాలు. ఇంట్లోవాళ్లు అన్నదీ కొంత నెగ్గింది, నేనన్నదీ నెగ్గింది. ఒక సందేహం, నా అద్దాల పవర్ కంటే లెన్సు పవర్ తక్కువ రాశారు, అద్దాలు మైనస్ 6 అయితే లెన్సు మైనస్ 5.5. పొరపాటు కాదు కదా?

బొబ్బిలి_ఆప్టోమ్:
ఇది చదివి చాలా సంతోషమేసిందమ్మా. పవర్ పొరపాటు కాదు. అద్దం కంటికి 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్సు కంటి మీదే ఉంటుంది, అందుకే మైనస్ 4 దాటినవాళ్లకి లెన్సు పవర్ లెక్కగట్టి తగ్గిస్తారు. మీ మైనస్ 6 కి లెక్క 5.6 దగ్గర వస్తుంది. అద్దాల చీటీ చూసి ఆన్‌లైన్లో అదే నంబరుకి లెన్సులు కొనేసేవాళ్లకి ఎక్కువ పవర్ పడి తలనొప్పి వస్తుంది, అదీ పొడి కళ్లే అనుకుంటారు. కుడికంటి సిలిండర్ ఎంత?

నాట్యవేణి_విజయనగరం:
0.75.

బొబ్బిలి_ఆప్టోమ్:
అయితే టోరిక్ డైలీ అడగండి, అంటే సిలిండర్ కూడా సరిచేసేది, అది కంటి మీద తిరిగిపోకుండా నిలవాలి. 0.75 నుంచి టోరిక్ దొరుకుతుంది. తిరిగే నాట్యం కాబట్టి, పెట్టించుకున్నాక అక్కడే నాలుగు చుట్లు తిరిగి చూడండి, చూపు మసకేసి మళ్లీ వెంటనే నిలబడుతోందా లేదా అని. ఆలస్యంగా నిలబడితే ఆ లెన్సు మీ కంటికి కుదరలేదు, ఇంకో కంపెనీది అడగండి, ఒక్కో కంపెనీ లెన్సు నిలబడే తీరు ఒక్కోలా ఉంటుంది. ట్రయల్ లెన్సు పెట్టి చూడకుండా డబ్బా కొనొద్దు.

ముఖమల్లెపూవు:
నాట్యవేణీ, నేను కూడా నాట్యం నేర్పుతాను. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మనది, లెన్సులతో వేదికెక్కే ఆడపిల్లల్ని నేను ఎంతోమందిని చూశాను, మేకప్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. ముందు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకుని లెన్సులు పెట్టుకో, ఆ తర్వాతే మేకప్. జడకి నూనె రాసిన చేత్తో, సెంటు సబ్బుతో కడిగిన చేత్తో లెన్సు ముట్టుకోకు. పౌడరు వేసేటప్పుడు కళ్లు మూసుకో. కాటుక రెప్ప లోపలి తడి అంచున పెట్టకు, నీకు మూసుకుపోయిన గ్రంథుల నోళ్లు సరిగ్గా అక్కడే ఉంటాయి. వెంట్రుకల బయట గీత లావుగా గీస్తే ప్రేక్షకులకి తేడా తెలియదు, అభినయానికి ఏ లోటూ రాదు. అయిపోయాక ముందు లెన్సులు తీసి, తర్వాతే కొబ్బరినూనెతో మేకప్ తుడుచుకో.

వేదిక పక్కన ఫ్యాన్లు మొహం మీదికి పెడతారు, నిర్వాహకులతో చెప్పి వాటి దిశ మార్పించు. కళ్లు పెద్దవి చేసి చూసే భంగిమలు చాలా ఉంటాయి కదా, మధ్యలో జతి వచ్చినప్పుడు నిండుగా రెప్ప వేసుకో. ఒక అదనపు జత లెన్సులు, చుక్కల ట్యూబు, అద్దాలు గ్రీన్‌రూములో ఎవరైనా ఒకరి చేతిలో ఉంచు.

కళింగపట్నం_అల:
అక్కా, ఒకవేళ ఆ రోజే కన్ను ఎర్రబడితే? ప్రోగ్రాం కదా అని పెట్టేసుకోవచ్చా?

బొబ్బిలి_ఆప్టోమ్:
వద్దు. ఎరుపుతో పాటు నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసక, చీము, వీటిలో ఏది ఉన్నా లెన్సు పెట్టకూడదు, పెట్టి ఉంటే తీసేయాలి, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తీసిన లెన్సుని, డబ్బాని పారేయకుండా తీసుకెళ్లండి, ఏ క్రిమి అన్నది వాటిలోంచే పట్టుకోవచ్చు. రాత్రి అయినా సరే, తెల్లారాక చూద్దాం అనుకోకండి. కొన్ని రకాల ఇన్ఫెక్షన్లు ఒక్క రాత్రిలో నల్లగుడ్డు మీద పుండు పెడతాయి. ప్రదర్శన ఇంకోసారి ఇవ్వొచ్చు.

నాట్యవేణి_విజయనగరం:
అలాగేనండీ. టోరిక్ ట్రయల్ రేపు సాయంత్రం, ప్రాక్టీసు డ్రెస్సులోనే వెళ్లి అక్కడే తిరిగి చూస్తాను. ముఖమల్లెపూవు అక్కా, కాటుక బయటి గీత ఎలా గీయాలో ఒకసారి చూపిస్తారా, మీరు ఎక్కడ నేర్పుతారో నాకు మెసేజ్ పెట్టండి.